నేసేది ఎవరు? - వరంగల్ తివాచీలు, జంపఖానాల చరిత్రలో స్త్రీల శ్రమ

(చేనేత కుటుంబాల స్త్రీల సమస్యలపై వరంగల్‌లో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ముందుగా ఒక చిన్న పని చేయమని అడుగుతున్నాను. మీరు కూర్చున్న జంపఖానాను ఒకసారి చేత్తో తడిమి చూడండి. ఎర్రచారా, నీలిచారా ఉన్న మామూలు జంపఖానా. మన ఊళ్ళో పెళ్ళి, పంచాయితీ, పదోరోజు, మహిళా సంఘం మీటింగు, ఏది జరిగినా ముందు పరిచేది దీన్నే. అందరం దాని మీద కూర్చుంటాం. కానీ దాన్ని ఎవరు చేశారని మాత్రం అడగం.

నా పరిశోధన కోసం కొత్తవాడ వీధుల్లో తిరిగిన రోజుల్లో నా చేతిలో ఒక ప్రశ్నావళి ఉండేది. అందులో ఒక గడి 'వృత్తి'. ఒక ఇంట్లో అరవై ఏళ్ళు దాటిన ఒకామె రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. నేను అడుగుతున్నంతసేపూ ఆమె చెయ్యి ఆగలేదు. "అవ్వా, నీ పని ఏం రాసుకోవాలె?" అన్నాను. "నాకేం పని బిడ్డా? ఇంట్లనే ఉంట. నేసేది మా ఆయన, నా కొడుకు. నేనేదో ఇంత ఆసరైత" అంది. ఎన్నేళ్ళ నుంచి చుడుతున్నావని అడిగితే, పెళ్ళికి ముందు తల్లిగారింట్లో మొదలుపెట్టానంది. యాభై ఏళ్ళ పని! నేను ఆ గడిలో ఆరోజు 'గృహిణి' అని రాశాను. డాక్టరేట్ కోసం పని చేస్తున్న నేను, స్త్రీల శ్రమ మీద పుస్తకాలు చదివిన నేను రాసిన మాట అది. ఈరోజు నా ప్రసంగం ఆ తప్పు దగ్గరే మొదలవుతుంది.

మొదట మాటలు కొంచెం స్పష్టం చేసుకుందాం. జంపఖానా, మన తెలంగాణలో జంఖానా అంటాం, శతరంజి అని కూడా అంటారు. ఇది పడుగు, పేకలతో చదునుగా నేసిన నూలు పరుపు. తివాచీ వేరు. తివాచీలో పడుగు పోగులకు ఒక్కొక్క ముడి వేసి, ఆ ముడి కొసలను కత్తిరించి, పైన కుచ్చు నిలబడేట్టు చేస్తారు. దాన్నే రత్నకంబళి అని కూడా అన్నారు. మూడోది గొంగడి. దక్కనీ గొర్రెల ఉన్నితో కురుమలు నేసేది. ఒకటి పేదవాడు కప్పుకునేది, ఒకటి పదిమంది కూర్చునేది, ఒకటి దొరలూ నవాబులూ కాలు పెట్టేది. మూడింటికీ గౌరవంలో తేడా ఉంది. కానీ మూడింటిలోనూ ఆడవాళ్ళ చెయ్యి ఉంది. గొంగడికి ఉన్ని వడికేది కురుమ స్త్రీలే.

తివాచీ ఎక్కడ పుట్టింది? దీనికి కచ్చితమైన జవాబు ఎవరూ చెప్పలేరు. ఉన్ని, నూలు మట్టిలో కుళ్ళిపోయేవి కాబట్టి రాతిపనిముట్లలా మిగలవు. మనకు దొరికిన వాటిలో దాదాపు పూర్తి రూపంలో ఉన్న అతి పాత తివాచీ 1949లో బయటపడింది. సైబీరియాలోని ఆల్తాయ్ పర్వతాల్లో పజిరిక్ అనే చోట, సంచార జాతుల సమాధిలో, మంచులో గడ్డకట్టి ఉండడం వల్ల చెడిపోకుండా మిగిలింది. సోవియట్ పురాతత్వవేత్త రుదెంకో తవ్వించి తీశాడు. దాదాపు రెండు మీటర్ల పొడవు, వెడల్పులతో ఉన్న ఆ తివాచీ క్రీస్తుపూర్వం 5-4 శతాబ్దాల నాటిదని అంచనా. దాని మీద గుర్రపు రౌతులు, దుప్పులు వరసగా ఉంటాయి. పనితనం చూస్తే అప్పటికే ఆ కళ ఎంతో ముదిరిందని తెలుస్తుంది. అంటే అంతకు ఎన్నో తరాల ముందే మొదలై ఉండాలి. దాన్ని ఎవరు నేశారో తెలియదు. కానీ మధ్య ఆసియా, ఇరాన్ సంచార తెగల్లో ఇటీవలి శతాబ్దాల దాకా గుడారంలో నేత ఆడవాళ్ళ పనే. తుర్క్‌మెన్, కష్కాయి స్త్రీలు తల్లి దగ్గర నేర్చుకుని, కాగితం మీద గీసుకోకుండా, జ్ఞాపకం నుంచే నమూనాలు నేసేవారు.

ఆ నేత గుడారం నుంచి పట్టణంలోకి, రాజుగారి కార్ఖానాలోకి వెళ్ళినప్పుడు ఏం జరిగింది? నమూనా గీసేవాడు వేరయ్యాడు, ముడులు వేసేవాళ్ళు వేరయ్యారు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఆర్దబీల్ తివాచీ అని ప్రపంచ ప్రసిద్ధమైనది ఒకటుంది. హిజరీ 946, అంటే 1539-40 నాటిది. అందులో మక్సూద్ కాషానీ అని ఒక పేరు నేసి ఉంది. ఆ పని చేయించిన అధికారి, లేదా నమూనా సిద్ధం చేసినవాడు ఆయన అని అంటారు. కోట్ల ముడులు వేసిన చేతులకు మాత్రం పేరు లేదు. పని ఇంటిలో ఉన్నప్పుడు 'ఆడవాళ్ళ కాలక్షేపం' అవుతుంది. డబ్బు, పేరు వచ్చేచోటికి వెళ్తే 'కళ' అవుతుంది. అప్పుడు దానికి ఉస్తాద్ పుట్టుకొస్తాడు. ఈ సూత్రం ఇరాన్‌కే పరిమితం కాదు.

ఇక మన దగ్గరికి వద్దాం. కాకతీయుల కాలంలో ఈ ప్రాంతపు నూలు బట్టకు పెద్ద పేరుండేది. 13వ శతాబ్దం చివర్లో మార్కోపోలో మోటుపల్లి రాజ్యం గురించి రాస్తూ ఇక్కడి సన్నని బట్టలను సాలెగూడుతో పోల్చాడు. అప్పటి పాలకురాలు రుద్రమదేవి. ఆమె గణపతిదేవుని కూతురు. మార్కోపోలో మాత్రం ఆమెను రాజుగారి భార్య అని రాసుకున్నాడు. ఒక స్త్రీ తన హక్కుతో సింహాసనం మీద కూర్చుందంటే నమ్మడం కష్టమైందేమో! సరే, ఆయన పొగిడింది బట్టను. తివాచీ కథ వేరు. 1323లో ఓరుగల్లు పతనమైంది. తర్వాత బహమనీలు, కుతుబ్‌షాహీలు వచ్చారు. అక్బరు ఆగ్రా, ఫతేపూర్, లాహోర్లలో తివాచీ కార్ఖానాలు పెట్టించాడు. మొగలు సైన్యాల వెంట వచ్చిన నేతగాళ్ళు వరంగల్‌లో స్థిరపడి ఈ పని నేర్పారని మన ఊరి పెద్దలు చెప్పుకుంటారు. గోల్కొండ 1687లో ఔరంగజేబు చేతికి వచ్చింది. ఏలూరులో తివాచీలు నేసే ముస్లిం కుటుంబాలు తమ పూర్వీకులు పర్షియా నుంచి వచ్చారని చెప్పుకుంటారు. అది వాళ్ళ జ్ఞాపకం. అయితే ఒకటి గుర్తుంచుకోవాలి. వచ్చినవాళ్ళు ముడి వేసే పద్ధతి తెచ్చారు కానీ పత్తి, గొర్రె ఉన్ని, నీలిమందు, చిరివేరు ఇక్కడివే. వడికే చేతులూ ఇక్కడివే.

దక్కను తివాచీలు చాలా దూరం వెళ్ళాయి. 17వ శతాబ్దం మొదట్లోనే మచిలీపట్నంలో దుకాణం తెరిచిన డచ్చి వర్తకులు వీటిని జపాన్ దాకా తీసుకుపోయారు. ఇవాళ్టికీ క్యోటో నగరంలో ఏటా జరిగే గియోన్ ఉత్సవంలో రథాలను అలంకరించే పాత తివాచీల్లో దక్కనువి ఉన్నాయని పరిశోధకులు గుర్తించారు. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో వరంగల్ తివాచీలు పెట్టారు. 1880లో భారతదేశపు చేతిపనుల మీద పుస్తకం రాసిన జార్జ్ బర్డ్‌వుడ్ వాటి పనితనాన్ని ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు.

అయితే ఆ మెప్పుతో పాటే కష్టాలు వచ్చాయి. ఎగుమతి పెరిగింది. చౌకగా, తొందరగా కావాలన్నారు. 1856లో ఇంగ్లండులో పెర్కిన్ కనిపెట్టిన కృత్రిమ రంగు తర్వాత రసాయన రంగులు వరదలా వచ్చి చెట్ల రంగులను తోసేశాయి. రెండోది, జైళ్ళు. బ్రిటిష్ ప్రభుత్వం లాహోర్, ఆగ్రా, ఎరవాడ జైళ్ళలో ఖైదీల చేత తివాచీలు నేయించింది. విక్టోరియా రాణి విండ్సర్ కోటలో పరిచిన పెద్ద తివాచీ ఆగ్రా జైలు ఖైదీలు నేసిందే. ఖైదీకి జీతం ఉండదు, కాబట్టి ధర తక్కువ. బయట నేసి బతికేవాడు ఆ ధరకు అమ్మలేడు. బర్డ్‌వుడ్ వంటివాళ్ళే జైలు తివాచీలు ఈ కళను చంపుతున్నాయని గోల చేశారు. మన వరంగల్ సెంట్రల్ జైలు కూడా నిజాం కాలం నుంచీ తివాచీలకు, జంపఖానాలకు పేరుపడింది. 2021లో ఆ జైలును ఖాళీ చేయించి, కూల్చి, ఆ స్థలంలో పెద్దాసుపత్రి కట్టడం మొదలుపెట్టారు. జైలు గోడ పోయింది కానీ ఆ లెక్క పోలేదు.

ఏమిటా లెక్క? జీతం లేని శ్రమ పక్కన ఉన్నంతకాలం జీతం ఉన్న శ్రమకు విలువ పెరగదు. ఖైదీ శ్రమను 'శిక్ష' అన్నారు, కూలి ఇవ్వనక్కర్లేదు. భార్య శ్రమను 'బాధ్యత' అన్నారు, కూలి ఇవ్వనక్కర్లేదు. ఖైదీకి కనీసం శిక్షాకాలం అని ఒకటుంటుంది.

మూడో జీతం లేని శ్రమ పిల్లలది. చిన్న వేళ్ళు చిన్న ముడులు బాగా వేస్తాయని తివాచీ వ్యాపారులు ఎప్పటి నుంచో చెబుతూ వచ్చారు. ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూర్, భదోహీ ప్రాంతాల్లో పసిపిల్లలను మగ్గాలకు కట్టేసిన కథలు 1980లలో దేశమంతా విన్నది. పాకిస్తాన్‌లో తివాచీ మగ్గం నుంచి పారిపోయి, తనలాంటి పిల్లల కోసం మాట్లాడిన ఇక్బాల్ మసీహ్‌ను 1995లో కాల్చి చంపారు. పన్నెండేళ్ళవాడు. బాలకార్మికులు చేయని తివాచీలకు గుర్తు వేసే రగ్‌మార్క్ 1994లో మొదలైంది. తర్వాత దాని పేరు గుడ్‌వీవ్‌గా మారింది. 'సున్నితమైన వేళ్ళు' అన్న ఇదే మాటను ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల్లో ఆడపిల్లలకు తక్కువ జీతం ఇవ్వడానికి కూడా వాడారని 1981లో డయాన్ ఎల్సన్, రూత్ పియర్సన్ అనే స్త్రీవాద పరిశోధకులు రాశారు. నేర్పును పుట్టుకతో వచ్చిన గుణం అంటే దానికి కూలి కట్టనక్కర్లేదు. చిన్నప్పటి నుంచి ఇంట్లో నేర్పించిన పనిని 'ఆడవాళ్ళకు సహజం' అంటారు. నేర్పు వెనక నేర్చుకున్న ఏళ్ళు ఉంటాయి కదా?

చట్టం ఏం చేసింది? 1986 బాలకార్మిక చట్టం తివాచీ నేతలో పిల్లలను పెట్టకూడదంది కానీ కుటుంబంతో కలిసి చేసే పనిని వదిలేసింది. 2016 సవరణ పద్నాలుగేళ్ళలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టకూడదంటూనే, బడి అయ్యాక, సెలవుల్లో ఇంటి వృత్తిలో సాయం చేయవచ్చని మినహాయింపు ఇచ్చింది. బడి నుంచి వచ్చిన మగపిల్లవాడు బయట ఆడుకుంటాడు. ఆడపిల్ల తల్లి పక్కన కూర్చుని కండెలు చుడుతుంది. ఆ మినహాయింపు ఎవరి మీద పడిందో చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు మనం కూర్చున్న జంపఖానా ఎలా తయారవుతుందో వరసగా చూద్దాం. ముడుల తివాచీ మన ఊళ్ళో దాదాపు పోయింది. మిగిలింది నూలు జంపఖానా. నూలు లడీలుగా వస్తుంది. రంగు వేయాలి, ఆరబెట్టాలి. చిక్కు విడదీయాలి. రాట్నం మీద కండెలు చుట్టాలి. పడుగు పోయాలి. పాత పడుగు కొసలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటీ అతకాలి. అప్పుడు మగ్గం మీద నేత. పేక వేసి, పంజాతోనో పలకతోనో గట్టిగా దట్టించాలి. నేసి దింపాక అంచుల్లో కుచ్చులు ముడివేయాలి, మడతపెట్టాలి. ఇన్ని పనుల్లో 'నేత' అని పిలిచేది ఒక్కదాన్నే. మిగతావన్నీ 'పైపని'. నేను తిరిగిన ఇళ్ళలో ఆ పైపని దాదాపు అంతా ఆడవాళ్ళదే. మగ్గం ఎక్కే ఆడవాళ్ళు కూడా ఉన్నారు. కానీ భర్త ఉన్నంతకాలం వాళ్ళను ఎవరూ నేతగత్తె అనరు.

ఈ పనికి ఒళ్ళు ఎంత చెల్లిస్తుందో కొలిచినవాళ్ళు తక్కువ. ఒక ఉదాహరణ చెబుతాను. పోచంపల్లి తరహా చీరకు ఆసు పోయాలంటే ఒక స్త్రీ గంటల తరబడి చెయ్యి చాపి ముడుచుకుంటూ వేలసార్లు తిప్పాలి. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం తల్లి భుజం నొప్పి చూడలేక 1999లో ఆసు యంత్రం తయారుచేశాడు. దానికి తల్లి పేరే పెట్టాడు, లక్ష్మి ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయనను మనం గౌరవించాలి. కానీ ఒక ప్రశ్న కూడా వేసుకోవాలి. మగవాడి పనిని తొందర చేసే లాగుడు మగ్గం వచ్చి వంద సంవత్సరాలు దాటింది. ఆడవాళ్ళ భుజం నొప్పి ఒక కొడుకు కంటపడే దాకా ఎవరికీ ఎందుకు సమస్యగా కనిపించలేదు?

కూలి సంగతి చూద్దాం. ఆసామి నూలిచ్చి, జంపఖానాకు ఇంత అని లెక్క కడతాడు. ఆ డబ్బు మగ్గం మీద కూర్చున్నతని చేతికి వస్తుంది. అందులో కండెల కూలి, అతుకు కూలి, కుచ్చుల కూలి కలిసే ఉన్నాయంటారు. కలిసి ఉన్నాయంటే లేనట్టే. భార్య లేని నేతగాడు ఆ పనులకు బయటివాళ్ళను పెట్టుకుంటే తనకు ఏం మిగలదని నాకు ఎంతోమంది చెప్పారు. అంటే ఆ పనికి వెల ఉంది. భార్య చేస్తే ఆ వెల ఆసామికి మిగులుతుంది.

ఇక్కడ కొందరు మిత్రులు ఒక అభ్యంతరం చెబుతారు. నేత మగవాడే ఆకలితో ఉన్నాడు, అప్పులతో ఉరి పోసుకున్నాడు, అతన్ని దోపిడీదారుగా చూపిస్తారా అని. చూపించడం లేదు. 1990ల చివర్లో, 2000ల మొదట్లో చేనేత ఇళ్ళలో చావులు మనం చూశాం. ఆ ఇళ్ళలో మిగిలిన స్త్రీల దగ్గర కూర్చున్నాం. భర్త పోయాక, అదే ఇంట్లో అదే పని ముప్పై ఏళ్ళు చేసిన స్త్రీ, సంఘం పుస్తకంలో తన పేరు లేదని తెలుసుకుంది. నేను చెప్పేది అతని కూలి తగ్గించమని కాదు. పైపనికి విడిగా లెక్క కడితే ఇంటి మొత్తం రాబడి పెరుగుతుంది. నష్టపోయేది ఇన్నాళ్ళూ ఇద్దరి పని తీసుకుని ఒకరికి కూలి ఇచ్చినవాడు. కాబట్టి ఇది భార్యాభర్తల తగాదా కాదు. అయితే ఒక్క మాట, ఆ పెరిగిన డబ్బు ఆమె చేతికి రావాలి. అది మాత్రం ఇంట్లో తేల్చుకోవలసిందే.

చట్టాలు మనకు ఎంతవరకు పనికొస్తాయి? 1976 నాటి సమాన వేతనాల చట్టం, దాన్ని కలిపేసుకున్న 2019 వేతనాల కోడ్, రెండూ ఒకే రకం పనికి సమాన కూలి అంటాయి. కండె చుట్టడం, నేయడం వేరు వేరు పనులంటే చట్టం అక్కడే ఆగిపోతుంది. 1985 చేనేత రిజర్వేషన్ చట్టం జంపఖానాలను చేమగ్గాలకే కేటాయించింది. 1993లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. అది మరమగ్గం నుంచి చేమగ్గాన్ని కాపాడడానికి. మగ్గం పక్కన కూర్చున్న మనిషి ఊసు అందులో లేదు. ఇలా భట్ అధ్యక్షతన 1988లో వచ్చిన శ్రమశక్తి నివేదిక ఇంటి నుంచి పనిచేసే స్త్రీలను కార్మికులుగా గుర్తించమంది. 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ గృహాధారిత కార్మికుల కోసం 177వ ఒడంబడిక చేసింది. మన దేశం దాన్ని ఆమోదించలేదు.

లెక్కలు కూడా చూడండి. 2019-20 నాలుగో చేనేత గణన ప్రకారం దేశంలో 35 లక్షల పైచిలుకు చేనేత కార్మికులున్నారు. వాళ్ళలో 72 శాతం స్త్రీలు. ఈశాన్య రాష్ట్రాల్లో మగ్గం మీద కూర్చునేది ఎక్కువగా స్త్రీలే కాబట్టి ఈ సంఖ్య అంత పెద్దదైంది. అయినా ప్రశ్న మిగిలే ఉంది. నేత అనగానే మన కళ్ళ ముందుకు మగవాడే ఎందుకు వస్తాడు?

2018లో వరంగల్ జంపఖానాలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషం. 1999 చట్టం ప్రకారం ఆ పేరు వాడుకునే హక్కు కోసం ఉత్పత్తిదారులు అధీకృత వాడకందార్లుగా నమోదు కావచ్చు. ఊరికి హక్కు వచ్చింది కదా, మరి ఆ నమోదులో ఎంతమంది స్త్రీల పేర్లున్నాయో మనం వెళ్ళి అడిగామా?

చివరగా, మనం చేయవలసిన పనులు నాలుగు చెబుతాను. ఒకటి, సహకార సంఘాల్లో పైపని చేసే స్త్రీలకు సొంత సభ్యత్వం, ఓటు. రెండు, కండెలకు, అతుకులకు, కుచ్చులకు విడివిడి రేట్లు రాసి సంఘం గోడ మీద అంటించాలి. మూడు, బీమా, పొదుపు, గుర్తింపు కార్డు, ఏ పథకం వచ్చినా మొదటి రోజే 'ఆమె పేరు ఎక్కడ?' అని అడగాలి. నాలుగు, భౌగోళిక గుర్తింపు నమోదుకు స్త్రీల చేత దరఖాస్తు పెట్టించాలి. ఆ కాగితాలు నింపడానికి మన సంఘం కార్యకర్తలు వారానికి ఒక రోజు కేటాయిస్తే చాలు.

కొన్నేళ్ళ తర్వాత మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళాను. అవ్వ చూపు తగ్గింది, కండెలు చుట్టడం మానేసింది. కోడలు చుడుతోంది. ఈసారి నేను గడిలో ఏం రాయాలో అడగలేదు. 'నేత కార్మికురాలు' అని రాసి, పైకి చదివి వినిపించాను. కోడలు నవ్వి, "అట్ల రాస్తే పైసలొస్తయా అక్కా?" అని అడిగింది. రాయగానే రావు. రాయకపోతే అడగడానికి కూడా ఉండదు. ఆమె ప్రశ్నకు పూర్తి జవాబు నా దగ్గర లేదు. ఆ జవాబు కోసమే ఇక్కడికి వచ్చాను. ఇప్పుడు మాట్లాడవలసింది మీరు. ముందు వరసలో కూర్చున్న కొత్తవాడ అక్కలతో మొదలుపెడదాం.